ఆర్డ్‌నాహో అయిదేళ్ల తొలి విడుదల: నిన్న మారేడ్‌పల్లిలో మూత తీశాం

రఘు_మారేడ్‌పల్లి
ఆదివారం, ఉదయం 10:15

నిన్న రాత్రి మా ఇంట్లో నలుగురం కూర్చుని ఆర్డ్‌నాహో విస్కీ సీసా తెరిచాం. మా బావమరిది ఎడిన్‌బరో నుంచి వస్తూ తెచ్చాడు. విమానంలో వచ్చేవాళ్లకి డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్లే కదా, తన వాటాలోంచి ఒక సీసా నాకోసం వదులుకున్నాడు. ఆర్నెల్లుగా బీరువాలో నిలబెట్టి ఉంచాను. వైన్‌లాగా పడుకోబెడితే ఆ ఘాటుకి బిరడా పాడైపోతుంది, కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఐలా దీవి. రాయడం ఎలా రాసినా పలకడం 'ఐలా' అనే. దాని ఈశాన్య తీరంలో, కల్ ఈలాకీ బునహావన్‌కీ నడుమ, హంటర్ లాయింగ్ అనే విస్కీ కంపెనీ వాళ్లు కట్టిన డిస్టిలరీ ఇది. 2018 చివర్లో మొదటి పీపా నింపారు, 2024లో మొదటి సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ) బయటికి వదిలారు. అయిదేళ్ల సరుకు, 50 శాతం ఆల్కహాల్. అంతకుముందు బోర్బన్ (అమెరికా విస్కీ) ఉన్న పీపాలవి, ఒలొరొసో షెర్రీ (స్పెయిన్ వైన్) ఉన్న పీపాలవి కలిపారు. చల్లబరిచి వడకట్టలేదు.

ఇక మా గ్లాసుల సంగతి.

పోయగానే పొగ మీదికి దూకలేదు. ముందు నిమ్మతొక్క, దాని వెనక పాలల్లో ముంచిన బిస్కెట్ వాసన. రెండు నిమిషాలు ఆగితే అప్పుడు వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వానాకాలం పొద్దున్నే తడి పిడకలతో పొయ్యి అంటించేది. మంట లేవకముందు తెల్లగా, బరువుగా ఒక పొగ వచ్చేది చూడండి, అచ్చం అది. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ నా ముక్కుకి తగిలింది. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నోట్లో తేనె తీపి ముందు, వెంటనే మిరియం, ఆ తర్వాత ఉప్పు. 50 శాతం అంటే గొంతు మండుతుందేమో అనుకున్నా, మండలేదు. నూనె పూసినట్టు నాలుక మీద పరుచుకుంది. మింగాక చివర్లో బూడిద రుచి చాలాసేపు ఉంది, దానితోపాటు చిన్నగా టించర్ వాసన.

నా మాట: ఇది లేత విస్కీ, ఆ లేతదనమే దీని బలం. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే ఈ పిడకల పొగ నాకు దొరికేది కాదు. నిన్న టేబుల్ దగ్గర దీనిమీద గట్టిగానే వాదించుకున్నాం. గోపాల్ ఒప్పుకోలేదు, ఆయనే వచ్చి రాస్తాడు. మీరేమంటారు?


వంశీ_గచ్చిబౌలి
ఆదివారం, ఉదయం 11:02

రఘు గారూ, చదువుతుంటేనే నోరూరింది. ఒక సందేహం. నేను ఈ దారిలోకి వచ్చి ఏడాదే అయింది. ఈ డబ్బుకి నాకు పన్నెండేళ్ల సీసా వస్తుంది. అలాంటప్పుడు అయిదేళ్లది ఎందుకు కొనాలి? మా ఆఫీసులో అందరూ లేబుల్ మీద అంకె చూసే కొంటారు. ఎక్కువ ఏళ్లుంటే మంచిది అన్నది పూర్తిగా తప్పా, లేక పీట్ (బురద నేలల మట్టి) పొగ పట్టించినవాటికి మాత్రమే లెక్క వేరా?


గోపాల్_అబిడ్స్
ఆదివారం, మధ్యాహ్నం 1:40

నిన్న ఆ నలుగురిలో నేనొకణ్ని. రఘు రాసిన పొగ నిజమే, దాన్ని కాదనను. మా షాపుకి చిన్నప్పటినుంచీ గురువారం సాయంత్రం లోబాన్ ధూపం వేసే ఫకీరు వచ్చేవాడు. ఇనప గిన్నెలో నిప్పుల మీద పిడికెడు చల్లి విసనకర్రతో విసిరితే షాపంతా నిండేది. గ్లాసులో నాకు తగిలిన పొగ అది. తీపి ఉన్న పొగ.

కానీ వంశీ, ఒక్క మాట సూటిగా చెప్తా. ఆ పొగ కింద పచ్చి వాసన ఉంది. నానబెట్టి రుబ్బిన పిండి, పులియడం అప్పుడే మొదలైతే ఎలా ఉంటుందో అది. పక్కనే కోసిన బేరిపండు. ఇవి స్టిల్ (విస్కీ కాచే రాగి పాత్ర) లోంచి కొత్తగా దిగిన సరుకు వాసనలు. పీపా ఇంకా తన పని పూర్తిచేయలేదని అర్థం. చట్టం మూడేళ్లు చాలంటుంది. ఓక్ పీపాలో, స్కాట్లాండ్ గడ్డమీద, మూడేళ్లు నిండితే స్కాచ్ అని రాసుకోవచ్చు. రాసుకునే హక్కు వచ్చినంత మాత్రాన సరుకు తయారైనట్టు కాదు.

కొత్త డిస్టిలరీ పెట్టినవాడి కష్టం నాకు అర్థమవుతుంది. వ్యాపారం చేసేవాణ్ని. భవనం, రాగి స్టిళ్లు, పీపాలు, జీతాలు, అన్నీ ముందే పెట్టాలి. అమ్మకం అయిదేళ్ల తర్వాత. అందుకే చాలామంది ఈలోగా జిన్ చేసి అమ్ముకుంటారు. ఆ ఒత్తిడిలో తొందరగా సీసాల్లోకి దించడం సహజం. అయితే దాన్ని 'లేతదనమే బలం' అని మనం పొగడాల్సిన పనిలేదు. నాకు ఇదే మాల్ట్ పదేళ్లప్పుడు తాగాలనుంది. ఆ నమ్మకం మాత్రం ఈ సీసా ఇచ్చింది.


శ్రీవల్లి_పటాన్‌చెరు
ఆదివారం, రాత్రి 8:25

గోపాల్ గారూ, మీరు పట్టుకున్న వాసన సరైనదే కానీ కారణం దగ్గర మీతో విభేదిస్తాను. పధ్నాలుగేళ్లుగా బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో డిస్టిలేషన్ కాలమ్‌ల దగ్గరే నా ఉద్యోగం. విస్కీ నాకు అక్కడినుంచే పట్టుకుంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పీట్ అంటే బురద నేలల్లో నాచు, గడ్డీ గాదం సగం కుళ్లి, గాలి తగలక వేల ఏళ్లుగా పేరుకుపోయిన మట్టి. ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీ కింద రాజేస్తారు. గింజ తడిగా ఉన్నప్పుడే పొగ పట్టుకుంటుంది, ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా లాభం లేదు. ఆ పొగలో వాసననిచ్చే పదార్థాలు, ఫీనాల్స్, గింజ పైపొట్టుకి అంటుకుంటాయి. ఆర్డ్‌నాహో వాళ్లు 40 పీపీఎం మాల్ట్ వాడతారు, అంటే పది లక్షల భాగాల్లో 40 భాగాలు ఫీనాల్స్. ఈ అంకె బార్లీది. సీసాలోని విస్కీది కాదు. ఉడికించేటప్పుడు, డిస్టిల్ చేసేటప్పుడు అందులో చాలా భాగం పోతుంది. ఐలాలోవే లాగవూలిన్, కల్ ఈలా రెండూ దాదాపు ఒకే స్థాయి పీట్ ఉన్న మాల్ట్‌తో చేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడండి, ఒకటి బరువైన పొగ, ఒకటి గాలిలో తేలే పొగ. స్టిల్ ఆకారం, దాన్ని ఎంత నింపుతారు, ఎక్కడ కోస్తారు అన్నవాటిలో ఉంది తేడా.

ఈ కోత దగ్గరే అసలు కిటుకు. రెండోసారి డిస్టిల్ చేసేటప్పుడు ముందు దిగేది ఘాటు, దాన్ని పక్కకి మళ్లిస్తారు. నడిమిది పీపాలకి పోతుంది. చివరిది మళ్లీ వెనక్కి, తర్వాతి విడతలో కలుపుతారు. పొగ పదార్థాలు బరువైనవి కాబట్టి ఆలస్యంగా దిగుతాయి. నడిమి భాగం ఎక్కువసేపు పట్టుకుంటే పొగ పెరుగుతుంది, కానీ దానితోపాటు తడి తోలు, చెమట లాంటి వాసనలూ వచ్చేస్తాయి. ఆ వాసనలు పోగొట్టుకోవడానికే పీపాలో ఎక్కువ ఏళ్లు కావాలి. ముందుగా, శుభ్రంగా కోసిన సరుకు తక్కువ ఏళ్లకే తాగడానికి వీలుగా ఉంటుంది. అంటే వయసు సంగతి పీపా దగ్గర కాదు, స్టిల్ దగ్గరే సగం తేలిపోతుంది.

ఇక ఆర్డ్‌నాహోలో నాకు భలే నచ్చే విషయం. స్టిల్ తల నుంచి ఆవిరిని చల్లార్చే కండెన్సర్ దాకా పోయే గొట్టాన్ని లైన్ ఆర్మ్ అంటారు. వీళ్లది ఏడున్నర మీటర్లు. మామూలుగా అంత పొడుగు ఉండదు. దాని చివర వార్మ్ టబ్‌లు. చల్లటి నీళ్ల తొట్టిలో పాములా చుట్టలు తిరిగిన రాగి గొట్టం, పాతకాలపు పద్ధతి. వీళ్లు మొదలుపెట్టినప్పుడు ఐలాలో వార్మ్ టబ్ ఉన్నది వీళ్ల దగ్గరే. వార్మ్ టబ్‌లో ఆవిరి త్వరగా ద్రవమైపోతుంది కాబట్టి రాగితో స్నేహం తక్కువ, సరుకు చిక్కగా వస్తుంది. పొడుగు గొట్టంలో మాత్రం ఆవిరిగా ఉండగానే రాగికి ఎక్కువసేపు తగులుతుంది, గంధకం వాసనలు అక్కడ తగ్గుతాయి. ఒకటి చిక్కదనం ఇస్తోంది, ఒకటి శుభ్రం చేస్తోంది. రఘు గారు రాసిన ఆ నూనె పూసినట్టున్న నాలుక, అందులో మంట లేకపోవడం, ఈ రెంటి కలయిక అని నా నమ్మకం. ప్లాంట్‌లో అలాంటి పైపింగ్ గీసి తీసుకెళితే మా మేనేజరు స్టీలు ఖర్చు చూసి నన్ను పంపించేస్తాడు. వీళ్లు రాగితో కట్టారు.

వంశీ, నీ ప్రశ్నకి జవాబు: ఏళ్లు గడిచేకొద్దీ పొగ మెత్తబడుతుంది, ఓక్ పైకి వస్తుంది. పొగే కావాలనుకున్నవాడికి అయిదేళ్లంటే మంచి వయసు. బ్రూక్‌లాడీ వాళ్ల ఆక్టొమోర్ చూడు, ప్రపంచంలో అంత పీట్ ఉన్నది ఇంకొకటి దొరకడం కష్టం. ఎక్కువగా అయిదేళ్లకే సీసాల్లో పోస్తారు. ఆ ధర పెట్టి కొనేవాళ్లెవరూ వయసు అడగరు.


సత్తెన్న_కరీంనగర్
ఆదివారం, రాత్రి 9:50

శ్రీవల్లక్కా, మస్తు చెప్పినవ్. నాకు సైన్సు అంత తెల్వది, తాగుడు మాత్రం తెలుసు.

నేనొకటి అడుగుత అందరిని. మా ఊర్ల గౌడన్న పొద్దుగాల తాడిచెట్టెక్కి లొట్టి దింపుతడు. ఆ కల్లు ఎన్నేండ్లదని ఎవరన్న అడుగుతరా? పొద్దున దింపింది పొద్దున్నే తాగాలె. పొద్దెక్కితే పులుస్తది, మాపటికల్ల దాని సోకు పోతది. మనకు లేత సరుకు విలువ తెల్వదా ఏంది? తెల్సు. ఇంగ్లీషు సీసా మీద పద్దెనిమిది, ఇరవై ఒకటి అని అంకెలు చూసి మర్చిపోయినం.

నిన్న హైదరాబాద్ వచ్చినప్పుడు రఘన్న ఇంట్ల నేను కూడ కూసున్న. నాకైతే ట్యాంక్‌బండ్ మీద కంకి కాల్చినట్టే ఉన్నది. బొగ్గుల మీద కంకి తిప్పుతుంటే కొన్ని గింజలు నల్లగైతయి, కొన్ని పచ్చిగనే ఉంటయి, మీద నిమ్మచెక్క ఉప్పుల అద్ది రుద్దుతరు. నల్లగింజ, పచ్చిగింజ, నిమ్మ, ఉప్పు, నాలుగూ ఒక్క గుటకలో దొరికినయి. గోపాలన్నా, నువ్వు పచ్చివాసన అన్నది గా పచ్చిగింజే. కంకి మొత్తం నల్లగ కాలిస్తే ఎవడు తింటడు?


కమల_కూకట్‌పల్లి
సోమవారం, ఉదయం 7:30

సత్తెన్న గారి కంకి మాట చదివి రాత్రే రాయాలనుకున్నాను.

మాది విశాఖ. బీచ్ రోడ్డు చివర్న వలలు ఆరేసే చోట ఎండుచేపల వాసన, పడవలకి పూసే తారు వాసన కలిసి వచ్చేది. ఐలాదే కిల్‌హోమన్ విస్కీ మొదటిసారి తాగినప్పుడు నాకదే గుర్తొచ్చింది. అదీ ఒకప్పుడు కొత్త డిస్టిలరీయేనండీ. 2005లో ఒక పొలంలో పెట్టారు. ఐలాలో నూట ఇరవై నాలుగేళ్ల తర్వాత పుట్టిన మొదటి డిస్టిలరీ అది. 2009లో మూడేళ్ల విస్కీ వదిలారు. అప్పుడూ 'ఇంత లేతదా' అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ వాళ్ల మాకిర్ బే సీసా మీద ఏళ్ల అంకె లేదని మనలో ఎవరూ బెంగపెట్టుకోవట్లేదు.

నేను దీన్ని కొత్తావకాయలా చూస్తాను. ముక్కలు కలిపి జాడీలో పెట్టాక మూడో రోజు తిరగేసి కలుపుతాం. ఆ మూడు రోజులూ ఆగాల్సిందే, ముందు తింటే ఆవపిండి చేదు. ఆ తర్వాత మొదటి పది రోజులు ఆవఘాటు నషాళానికి అంటుతుంది, ముక్క కరకరలాడుతుంది. వేడన్నం, నెయ్యి, కొత్తావకాయ. ఏడాది తర్వాత అదే జాడీలో ముక్క మెత్తబడి, ఊట నల్లబడి ఇంకో రుచి వస్తుంది. అదీ బావుంటుంది. కానీ కొత్తావకాయ తినేటప్పుడు 'ఇది పాతబడితే ఎంత బావుండునో' అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. స్కాచ్‌కి ఆ మూడేళ్లు మన మూడు రోజుల్లాంటివి. అవి దాటాక ఏ వయసు రుచి ఆ వయసుది.


గోపాల్_అబిడ్స్
సోమవారం, ఉదయం 10:05

కమల గారూ, ఆవకాయతో కొట్టారు, సమాధానం కష్టమే. కానీ బియ్యం మాటేమిటి? కొత్తబియ్యం వండితే ముద్దవుతుంది, పాతబియ్యమే పొడిపొడిగా వస్తుంది. బిర్యానీకి ఎవరైనా కొత్తబియ్యం పోస్తారా? బార్లీ కూడా గింజే.

సత్తెన్నా, కల్లు పీపాలోకి పోదు. పీపాలో పెట్టడమే విస్కీ అయినప్పుడు, పీపా ఏం ఇచ్చిందని అడగడం న్యాయం. నేను అడుగుతున్నది అంతే.


డా.ఫణి_ఈఎన్‌టీ
సోమవారం, రాత్రి 9:15

వాదన బాగుంది. నేను తాగే పద్ధతి గురించి మాత్రమే రాస్తాను. గోపాల్ గారికి పచ్చివాసన అంతగా తగలడానికి మొన్న రాత్రి మీరు కూర్చున్న చోటు కూడా కొంత కారణం అయ్యుండొచ్చు.

రఘూ, మీరు డాబా మీద కూర్చున్నామని ఫోన్‌లో చెప్పావు. మన ఊళ్లో ఈ నెలలో రాత్రి కూడా ముప్ఫై డిగ్రీలు దాటుతోంది. విస్కీ గురించి రాసేవాళ్లు ఇరవై డిగ్రీల గదిలో కూర్చుని రాస్తారు. వేడికి ఆల్కహాల్ ఆవిరి ముందు లేస్తుంది, తేలికపాటి వాసనలు దానివెంట లేస్తాయి. పొగలాంటి బరువైనవి వెనకబడతాయి. ముక్కులో వాసన తెలిపే పొర చాలా చిన్నది, పైన ఎక్కడో కళ్ల మధ్య ఉంటుంది. ఘాటు తగిలితే ఆ పొరతోపాటు నొప్పి తెలిపే నరం కూడా లేస్తుంది. అది లేచాక మీరు వాసన చూడట్లేదు, మంట చూస్తున్నారు. సీసానీ గ్లాసులనీ గంటసేపు ఏసీ గదిలో ఉంచండి. ఫ్రిజ్ వద్దు, మరీ చల్లబడితే అసలేదీ లేవదు.

గ్లాసులో ముక్కు ముంచకండి. నోరు కొంచెం తెరిచి, గ్లాసు పెదవికింద పట్టుకుని మెల్లగా పీల్చండి. మూడు నాలుగుసార్లు పీల్చాక ముక్కు ఆ వాసనకి అలవాటుపడి తెలియనట్టు ఊరుకుంటుంది. అప్పుడు మీ మోచేతి మడతలో వాసన చూసుకోండి. మీ ఒంటి వాసన మీ ముక్కుకి సున్నా లాంటిది, తూకం మళ్లీ సరిపోతుంది. సెంటు కొట్టుకుని రాకూడదని వేరే చెప్పక్కర్లేదు.

మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. పొగలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. గొంతు వెనకనుంచి ముక్కులోకి పోయే దారి అది. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండేది ఆ దారి మూసుకుపోయే.

నంజుకోడానికి మిరపకాయ బజ్జీ పెట్టారని విన్నాను. దయచేసి పెట్టకండి. కారం తగిలిన నాలుకకి కాసేపు ఇంకేం తెలియదు. ఉస్మానియా బిస్కెట్ చాలు. ఆ తీపీ ఉప్పూ ఈ మాల్ట్‌కి అన్నదమ్ములు. తాగి వాహనం ఎక్కేవాళ్లు నా దగ్గరికి పేషెంట్లుగా వస్తారు, క్యాబ్‌లో వెళ్లండి.


వంశీ_గచ్చిబౌలి
సోమవారం, రాత్రి 10:40

డాక్టరు గారూ, మోచేతి చిట్కా ఇప్పుడే చేసి చూశాను, నిజంగా పనిచేస్తోంది!

పోయిన నెల ఒక బార్‌లో పీటెడ్ మాల్ట్ అడిగితే నన్ను అడక్కుండా గ్లాసు నిండా ఐసు వేసి తెచ్చారు. నాకు చల్లటి నీళ్లు, చివర్లో కాస్త మసి తప్ప ఏమీ తెలియలేదు. పీటెడ్ అంటే ఇంతేనేమో అనుకుని నెలరోజులు దాని జోలికి పోలేదు. మాట్లాడకుండా డబ్బు కట్టి వచ్చినందుకు ఇప్పుడు బాధగా ఉంది. అసలు నీళ్లు కలపొచ్చా? ఎంత?


శ్రీవల్లి_పటాన్‌చెరు
మంగళవారం, ఉదయం 6:50

కలపొచ్చు వంశీ, దీనికి కలపాలి కూడా. ఒక చెంచా లెక్క చెప్తాను. ముప్ఫై మిల్లీలీటర్ల 50 శాతం విస్కీలో పదిహేను మిల్లీలీటర్లు ఆల్కహాల్. అయిదు మిల్లీలీటర్ల చెంచాతో ఒక్క చెంచా నీళ్లు పోస్తే 43 శాతానికి దగ్గరవుతుంది. రెండో చెంచా పోస్తే 37.5. అక్కడ ఇది పలచబడిపోతుందని నా అంచనా. కాబట్టి అర చెంచా, ఆగి వాసన, మళ్లీ అర చెంచా.

దీనికి శాస్త్రం కూడా ఉంది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీ వాళ్లు, కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అని ఇద్దరు, కంప్యూటర్‌లో ఈ అణువులని కదిలించి చూశారు. వాళ్లు తీసుకున్నది గ్వాయకాల్. పొగ వాసన ఇచ్చే ముఖ్యమైన పదార్థం అది. ఆల్కహాల్ 59 శాతం దాటితే గ్వాయకాల్‌ని ఇథనాల్ చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది. 45 శాతం కిందికి దిగితే అది ద్రవం పైపొరకి చేరుతుంది, అంటే మన ముక్కుకి దగ్గరగా. మా ఇంట్లో గ్లాసు మీద వాచ్‌గ్లాస్ పెట్టి, నీళ్లు కలిపిందీ కలపనిదీ పది నిమిషాలాగి మూత తీసి చూశాను. కలిపినదాంట్లో పొగ మూత తీయగానే ఎదురొచ్చింది.

బోరునీళ్లు మాత్రం వద్దు. మన బోరునీళ్లలో ఉప్పులకి ఆ రుచే తగులుతుంది. వడకట్టిన మంచినీళ్లు, గది చల్లదనంలో.


రఘు_మారేడ్‌పల్లి
మంగళవారం, రాత్రి 9:30

డాక్టరు గారి డాబా మాట ఒప్పుకుంటున్నాను, అక్కడ కూర్చోబెట్టింది నేనే.

గోపాల్ 'పీపా ఏం ఇచ్చింది' అన్నాడు కదా, దానిమీద ఒకటి. ఏళ్ల అంకెని మనం స్కాట్లాండ్ కళ్లతో చూస్తున్నాం. అక్కడ పీపాలోంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైపోతుంది, దేవతల వాటా అంటారు. బెంగళూరులో విస్కీ చేసే అమృత్ వాళ్లకి అది పది, పన్నెండు శాతం. రెండువందల లీటర్ల బోర్బన్ పీపా అనుకోండి. అయిదేళ్లకి అక్కడ 180 లీటర్ల దాకా మిగులుతుంది, ఇక్కడ ఏడాదికి పది శాతం చొప్పున పోతే 118. వేడికి సరుకు చెక్కలోకి చొచ్చుకుపోయి వెనక్కి వస్తుంది, ఓక్ త్వరగా దిగుతుంది. అందుకే అమృత్ వాళ్లు 2004లో గ్లాస్గోలో తమ మాల్ట్ పెట్టినప్పుడు చేతిలో ఉన్నది పెద్ద వయసున్న సరుకు కాదు. ఆ తర్వాత వాళ్ల ఫ్యూజన్ అనే విస్కీ వచ్చింది. మన బార్లీ 75 శాతం, స్కాట్లాండ్ నుంచి తెప్పించిన పీటెడ్ బార్లీ 25 శాతం. 2010 విస్కీ బైబిల్‌లో (విస్కీలకి మార్కులు వేసే పుస్తకం) దాన్ని రాసే జిమ్ మర్రే ఫ్యూజన్‌కి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. ఫ్యూజన్ సీసా మీద ఏ అంకె ఉంది? ఏమీ లేదు. మనవాళ్ల సీసాకి మనం అడగని ప్రశ్న ఐలా సీసాకి ఎందుకు అడగాలి?

ఆర్డ్‌నాహోలో పీపా ఏం ఇచ్చిందో రెండో విడతలో వెతుకుతాను. ఏసీ గది, అర చెంచా నీళ్లు, బజ్జీలు లేకుండా. గోపాల్, శుక్రవారం కాక పై శుక్రవారం ఖాళీ ఉంచుకో. సీసా మూత తీసి కొన్నాళ్లు గాలి తగలనిస్తే పచ్చివాసన సంగతి కూడా తేలుతుంది. వంశీ, నీకు చిన్న సీసాలో ముప్ఫై పోసి పెట్టాను. తార్నాక మెట్రో దగ్గరికి ఎప్పుడొస్తావో చెప్పు.


నిర్వాహకురాలు
బుధవారం, ఉదయం 9:00

స్నేహితుల మధ్య రుచికి పంచుకోవడం మీ ఇష్టం. ఇక్కడ సీసాలు అమ్మడం, కొనడం, ధరలు పెట్టడం కుదరదు. అలా పెట్టిన రెండు సందేశాలు తీసేశాను. 21 నిండనివాళ్లకి ఈ విభాగం లేదు. చర్చ కొనసాగించండి, చాలా బాగుంది.


రఘు_మారేడ్‌పల్లి
శనివారం, ఉదయం 8:45 (రెండు వారాల తర్వాత)

నిన్న రెండో విడత. నేను, గోపాల్, శ్రీవల్లి గారు, వాళ్లాయన. వాన కూడా పడింది, కిటికీ మూసి కూర్చున్నాం. గదిలో థర్మామీటర్ పెట్టాను, 23.

సీసాలో భుజం కిందిదాకా దిగింది, మూత తీసి పదమూడు రోజులు. ముందు నీళ్లు లేకుండా. మొదటిరోజు ఎదురొచ్చిన నిమ్మతొక్క ఇప్పుడు నిమ్మ ఊరగాయలా ఉంది, పదును తగ్గి ఉప్పు చేరింది. పొగ ముందుకొచ్చింది. పిడకల పొయ్యి అలాగే ఉంది, అయితే ఈసారి దాని పక్కన ఇంకోటి పట్టుకున్నాను. గ్లాసు రెండు చేతుల మధ్య వేడిచేసి మళ్లీ వాసన చూస్తే ఎండుద్రాక్ష, ఖర్జూరం. చాలా పలచగా, పొగ చాటున. అది షెర్రీ పీపా. గోపాల్ అడిగిన ప్రశ్నకి పీపా జవాబు అక్కడ ఉంది.

అర చెంచా నీళ్లు పోశాక శ్రీవల్లి గారు గ్లాసు ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుని చూపించారు. నీళ్లు కలిసే చోట నూనెతీగల్లాంటి సన్నటి చారలు మెలికలు తిరుగుతూ కిందికి దిగాయి, తర్వాత ఒక పలచటి మబ్బు. చల్లబరిచి వడకట్టి ఉంటే ఆ మబ్బు కట్టే కొవ్వు పదార్థాలు వడకట్టు దగ్గరే ఆగిపోయేవి. ఆ మబ్బుని నాలుక మీద పెట్టుకుంటే ఏం పోయేదో తెలుస్తుంది. ఒక్క చెంచా పూర్తయ్యేసరికి పొగ పత్తర్ కా గోష్త్ రాయి దగ్గరికి మారింది. వేడి రాయి మీద మాంసం కొవ్వు చుక్క పడి చుర్రుమన్నప్పుడు లేచే వాసన. రెండో చెంచా దగ్గర ఆమె చెప్పినట్టే పలచబడింది.

మొదటి రాత డాబా మీద రాసింది, దాన్ని సవరిస్తున్నాను. లేతదనమొక్కటే బలం అన్నాను. లేతదనం, ఆ చిక్కదనం రెండూ కలిస్తేనే ఇది నిలబడింది. పలచటి సరుకు అయ్యుంటే అయిదేళ్లకి ఒట్టి పొగ మిగిలేది.


వంశీ_గచ్చిబౌలి
ఆదివారం, మధ్యాహ్నం 12:20

నా ముప్ఫై మిల్లీలీటర్లు నిన్న రాత్రి తాగాను. రెండు గంటలు పట్టింది. ఒక విస్కీతో నేను ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి. నా ముక్కుకి పిడకలు తెలియవు, నేను మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లోనే పెరిగాను. నాకు తగిలింది భోగి మర్నాడు వాసన. రాత్రంతా వాన తుంపర పడి, పొద్దున్నే గేటు ముందు నల్లగా తడిసిన బూడిద కుప్ప ఉంటుంది కదా, అది. దానిమీద ఎవరో తేనె ఒలికించినట్టు.

గ్లాసు కడగకుండా పడుకున్నాను. పొద్దున మా అమ్మ దాన్ని తీసి వాసన చూసి 'సాంబ్రాణి దీంట్లో ఎందుకు వేశావురా' అంది. ఖాళీ గ్లాసు తెచ్చి మళ్లీ చూశాను. ఆల్కహాల్ మొత్తం పోయింది, అడుగున ఎండిన బిళ్లంత మరక. అందులో పొగ, వెనీలా, తడి చెక్క. రాత్రి కంటే స్పష్టంగా ఉన్నాయి.


గోపాల్_అబిడ్స్
ఆదివారం, సాయంత్రం 5:10

వంశీ, ఎండిన గ్లాసు చూశావు, సంతోషం. పీపా ఏం ఇచ్చిందో చూడాలంటే అదే చోటు. నేనూ శుక్రవారం నా గ్లాసు చేతిరుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుని శనివారం పొద్దున చూశాను. నువ్వు రాసిన వెనీలా నాకూ దొరికింది. పిండి వాసన లేదు.

చల్లటి గదిలో నా మాట కొంత మారింది. బేరిపండు తగ్గింది, పచ్చిపిండి సగమైంది. మొదటిరోజు నేను తయారుకాలేదన్న సరుకు తయారైనదే. అయినా షెర్రీ వైపు ఇంకా అతకలేదు నాకు. ఎండుద్రాక్ష ఒకపక్క, పొగ ఒకపక్క నిలబడి ఉన్నాయి. ఒట్టి బోర్బన్ పీపాలోదే విడిగా వదిలితే నేను కొంటాను, దానిమీద ఏ అంకె ఉన్నా.

రఘూ, సీసాలో ఎంత ఉంది? అడుగుకి చేరకముందే వంద మిల్లీలీటర్లు చిన్న సీసాలోకి మెడదాకా నింపి, గాలి లేకుండా మూత బిగించి పక్కన పెట్టు. వీళ్ల తర్వాతి విడుదల మీ బావమరిది తెచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పోసుకుని చూడాలి. ఈసారి ఉస్మానియా బిస్కెట్లు నేను తెస్తాను.